రాజవ్వ పట్టుబట్టిన వకీలు

జగిత్యాలలో సురేందర్ వకీలు ఆఫీసుకు మంచి పేరుంది. కోరుట్ల, సిరిసిల్ల కోర్టుల్లోనూ ఆయన కేసులు నడుస్తాయి. జూనియర్లే నిలిచేవారు కాదు. దళితవాడ నుంచి వచ్చిన ఓదెలు ఏడాదికే మానేసి ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేరాడు. జుబేర్ రెండేళ్లకు హైదరాబాద్ వెళ్లిపోయాడు. "ఎంత నేర్పినా ఒక్కలు గూడ నిలుస్తలేరు" అని సురేందర్ అందరి దగ్గరా వాపోయేవాడు.

జేబా నాలుగేళ్లు ఉంది. కోరుట్లలో మోటర్లకు వైండింగ్ చేసే అబ్దుల్ వహాబ్ కూతురామె. కాలిపోయిన మోటర్లు మోసుకొచ్చే రైతుల మాటలు వింటూ నాన్న షాపులోనే పెరిగింది. ఏ బావిలో నీళ్లెంత, ఎవరి గట్టు ఎవరు జరిపారు, అన్నీ అక్కడే తెలిసేవి. భూముల కేసులు వాదించాలన్న కోరిక కూడా అక్కడే పుట్టింది. లా చదివి, రోజూ పొద్దున్నే బస్సెక్కి జగిత్యాల వచ్చేది.

ఆఫీసులో ఆమెకు దక్కినవి తలాక్ తగాదాలు, మనోవర్తి కేసులు, ఉర్దూ కాగితాల తర్జుమా. "మీవాళ్ల కేసులు నీకే మంచిగ తెలుస్తయి గదమ్మా" అనేవాడు సురేందర్. ఆయన ఎంతో ఆప్యాయంగా అనేవాడు. అందుకే ఆమెకు కోప్పడే వీలు కూడా ఉండేది కాదు.

బీర్పూర్ రాజవ్వ కేసు మాత్రం అనుకోకుండా చేతికొచ్చింది. పక్క పొలం సమ్మయ్య ఆమె మడిని ఆ ఏడే తన పొలంలో కలుపుకొని, పదేళ్లుగా నేనే పండించుకుంటున్నానని అడ్డం తిరిగాడు. రాజవ్వ వచ్చిన రోజు ఆఫీసులో ఇంకెవరూ లేక జేబాయే పొలం చూడ్డానికి వెళ్లింది. గట్లన్నీ తిరిగి బావులు, పైపులు, రోడ్డు నోటుబుక్కులో గీసుకుంది. దావా కాగితాలన్నీ తనే రాసింది. తీరా సమ్మయ్యను ప్రశ్నించాల్సిన వాయిదా దగ్గరపడేసరికి, సురేందర్ ఆ ఫైలు తీసి కొత్తగా చేరిన మేనల్లుడు అభినవ్ చేతిలో పెట్టాడు.

"సార్, నేను చేస్త" అంది జేబా.

"భూమి కేసమ్మా. అవతల గట్టి వకీలున్నడు. నువ్వు పక్కన కూసొని కాయితాలు అందియ్యి."

మర్నాడు ఆమె రాజీనామా రాసి బల్ల మీద పెట్టి ఇంటికి వెళ్లిపోయింది.

వారం తిరక్కుండానే రాజవ్వ మోటరు షాపు ముందు ఆటో దిగింది. "గా పిలగానికి నా మడి తూర్పో పడమరో ఎరుక లేదు. నా పొలమంత తిరిగినదానివి, నువ్వే నిలబడాలె బిడ్డా."

"సారు ఒప్పుకోవాలె అవ్వా. కేసు ఆయనది."

"ఆయనదెట్లయితది? భూమి నాది!"

వహాబ్ పకపకా నవ్వి ఆమెకు చాయ్ తెప్పించాడు. రాజవ్వ చాయ్ తాగి నేరుగా జగిత్యాల వెళ్లి, జేబా లేకపోతే నా కాగితాలు నాకివ్వమని ఆఫీసులో బైఠాయించింది. మూడోరోజుకు సురేందరే కోరుట్ల వచ్చాడు. రాగి తీగ చుట్టల మధ్య స్టూలు మీద ఇబ్బందిగా కూర్చున్నాడు.

"నిన్ను మంచిగనే చూసుకున్న గదమ్మా. ఎందుకు పోతరు మీరంత?"

"ఓదెలన్న ఒక్క కేసు సొంతంగ చేస్త అన్నడు. జుబేర్ గూడ అడిగిండు. మీరు ఇచ్చిండ్రా సార్?"

సురేందర్ స్టూలు ముందుకు జరుపుకున్నాడు. "ఏం గావాలె చెప్పు" అన్నాడు.

"రాజవ్వ కేసు నేనే వాదిస్త. వకాలత్ కాయితంల మీ పక్కన నా పేరుండాలె. ఇగ ముందట ఎవలకైనా కేసులు పని చూసి ఇయ్యుండ్రి." సరేనన్నాడు సురేందర్.

వాయిదా రోజు సమ్మయ్య బోనెక్కాడు. జేబా లేచింది.

"ఈ పదేండ్లు గా మడికి నీళ్లెక్కడియి?"

"మా బాయివే."

"మీ బాయి రోడ్డు అవతల ఉంది. పైపు రోడ్డు కిందికెల్లి ఏసిండ్రా, మీదికెల్లి ఏసిండ్రా?"

సమ్మయ్య తన వకీలు వైపు చూశాడు. "పైపు ఎయ్యలే. రాజవ్వ మోటరు నీళ్లే వచ్చినయి."

"మోటరు ఎవలు పెడ్తుండె?"

"ఆమెనే."

"ఎవల మడికి?"

"ఆమె మడికే" అనేసి సమ్మయ్య నాలుక కరుచుకున్నాడు. జడ్జి ఆ మాట రాసుకున్నారు.

రెండు నెలలకు తీర్పు రాజవ్వవైపు వచ్చింది. కోర్టు వరండాలో కనబడిన ప్రతివాళ్లకూ ఆమె జేబాను చూపించి "నా వకీలు" అని చెప్పింది. సురేందర్ మాట నిలబెట్టుకున్నాడు. బోర్డు మీద ఆమె పేరు రాయించాడు. ఆ మరుసటేడు సిరిసిల్లలో ఆఫీసు తెరిచి ఆమెకే అప్పగించాడు. అప్పటి నుంచి అక్కడ చేరిన ముగ్గురు జూనియర్లలో ఒక్కరూ మానలేదు.

వాళ్లలో అలేఖ్య ముస్తాబాద్ దళితవాడ పిల్ల, రోజూ ఆటోలో వస్తుంది. చేరిన నెలకే జేబా ఆమెకు ఒక పొలం గట్టు కేసు ఇచ్చింది. ఫైలు పట్టుకొని లేచిన అలేఖ్య ఇరవై నిమిషాలు వాదించి స్టే సాధించింది. జేబా బయటికొచ్చి నాన్నకు ఫోన్ చేసింది. ఈ రోజు కోర్టులో తను నోరు విప్పే పనే పడలేదని, అయినా స్టే వచ్చిందని ఉర్దూలో గలగలా చెప్పుకుపోయింది.