తమ్ముడి జడలు, అమ్మ మొక్కు

మా చిన్నప్పుడు... మా తమ్ముడు జోజికి నూనె రాసి, రెండు జడలు వేసి, రిబ్బన్లు కట్టి బడికి పంపేది మా అమ్మ. కొత్తగా వచ్చిన సారు చూసుకోకుండా వాణ్ణి ఆడపిల్లల వరసలో కూర్చోబెట్టాడు. వాడు పలక కూడా అక్కడే వదిలేసి ఏడ్చుకుంటూ ఇంటికొచ్చాడు.

"మొక్కు బిడ్డా... వేళాంగణి మాతకిచ్చే దాక కత్తెర తగల్నియ్యొద్దు" అని అమ్మ కొంగుతో వాడి కళ్లు తుడిచింది.

టేకులపల్లి దాటాక అడవి మొదలయ్యే చోట మా ఊరు. జోజి పాలు తాగే వయసులో జ్వరం తలకెక్కి కళ్లు తేలేశాడట. ఖమ్మం దవాఖానాలో అందరూ ఆశ వదులుకున్నాక అమ్మ మొక్కుకుంది... వీడు బతికితే నేనే ఎత్తుకొచ్చి నీ గుడిలో పుట్టువెంట్రుకలు ఇస్తానని. వాడు బతికాడు. ఇక మిగిలింది వేళాంగణి ప్రయాణమే.

ఆ ప్రయాణం గురించి మా ఇంట్లో ఎన్ని ఎండాకాలాలు మాట్లాడుకున్నామో! మిరపకాయ కోత అయిపోగానే మొదలయ్యేది. అప్పుడు అమ్మకు అడవిలో బీడీల తునికాకు కోత అడ్డం. అది అయ్యేసరికి మామయ్యకు సెలవు దొరికేది కాదు. మామయ్య అంటే అమ్మ తమ్ముడు, ఇల్లందు దగ్గర బొగ్గుబాయిలో పని. పుట్టువెంట్రుకలు తీసేటప్పుడు పిల్లాణ్ణి మేనమామ ఒళ్లో కూర్చోబెట్టుకోవాలి కాబట్టి ఆయన లేకుండా కదలడానికి లేదు.

సాయంత్రాలు ఉపదేశి తాత వచ్చేవాడు. ఫాదర్ గారు రాని ఆదివారాల్లో మా చిన్న గుడిలో ప్రార్థన నడిపేది ఆయనే. ఊరు మొత్తంలో వేళాంగణి చూసొచ్చింది కూడా ఆయనొక్కడే. మద్రాసులో ఏ రైలు మారాలి, నాగపట్నంలో దిగాక బస్సు ఎక్కడ ఆగుతుంది, అంత పెద్ద తెల్లటి బసిలికా గుడి ఎంత దూరం నుంచి కనబడుతుంది... చెప్పిందే చెప్పేవాడు. అమ్మ మాత్రం ప్రతిసారీ కొత్తగా వినేది. పులిహోర ఎన్ని రోజులు నిలవుంటుంది, సముద్రం చప్పుడు గుడి లోపలికి వినిపిస్తుందా అని అడిగేది. మా ఇంట్లో ఎవరూ సముద్రం చూడలేదు.

ఒకసారి నా అట్లాసులో ఖమ్మం చూపించి, వేలు కిందికి జరుపుతూ నాగపట్నం దాకా తీసుకుపోయాను.

"గింతేనా? జానెడు గూడ లేదు గదనే!" అంది అమ్మ. ఆ నవ్వు ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది...

చివరికి ఒక ఏడు మామయ్యకు సెలవు దొరికింది. టికెట్లు కూడా తీసేశాడు. మేం తిరిగొచ్చాక ఈనాల్సిన మా బర్రె, మా లెక్క తప్పి, బయల్దేరే ముందే ఈనింది. ఆ మహాతల్లి అమ్మ చెయ్యి తప్ప ఇంకెవరి చెయ్యీ తగలనిచ్చేది కాదు. పాలన్నీ దూడకే వదిలేద్దామంటే, అన్ని తాగి దూడ బతకదు.

"నేనాగుత, మీరు పోండ్రి" అన్నాడు నాయిన. అమ్మ పాత చీర చుట్టుకుని, కొంగు తల మీదుగా కప్పుకుని, చెంబు పట్టుకుని బర్రె దగ్గరికి పోయాడు. మా వైపు ఊళ్లలో అందరూ చేసే ఉపాయమే. బర్రె ఒకసారి వాసన చూసింది... అంతే! చెంబు ఒక దిక్కు, చీర కట్టిన నాయిన ఒక దిక్కు. మేం పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. అమ్మ కూడా నవ్వింది. నవ్వి నవ్వి, మెల్లగా ఆగిపోయింది.

"మీరే పోయి రండ్రి. నేనుంట."

"వద్దు. ఆపుదాం. వచ్చే ఏడు అందరం పోదాం" అన్నాడు నాయిన.

"పోరడికి ఇంకో ఏడు జడలేందయ్యా? బళ్లె రోజూ ఏడుస్తుండు."

నేనే తీసుకొస్తానని మాతకు మాటిచ్చిన మనిషి ఆ మాట అంది. ఆ రోజు నాకు అది అర్థం కాలేదు.

బయల్దేరే పొద్దున జోజి తల ఎంత సేపు దువ్విందో! బస్సు కదులుతుంటే కిటికీ దగ్గరికొచ్చి నా చెయ్యి పట్టుకుంది. "అన్నీ మంచిగ చూసి రా. నాకు చెప్పాలె నువ్వు."

చూశాను. ప్రార్థన కూడా మరిచిపోయి చూశాను. మాత చీర కట్టుకుని ఉంది... అమ్మకు చెప్పాలి. లోపల జనం చప్పుడే తప్ప సముద్రం చప్పుడు వినబడదు... చెప్పాలి. మామయ్య ఒళ్లో జోజి జడలు రాలిపోతుంటే నాయిన మొహం పక్కకు తిప్పుకున్నాడు... ఇది చెప్పాలా వద్దా?

తిరిగొచ్చాక అమ్మ వాడి నున్నటి గుండు నిమురుతూ చాలాసేపు కూర్చుంది. తర్వాత నన్ను పిలిచి, "గుడి ఎట్లున్నదే?" అంది. పాలు పితుకుతూ అడిగేది, పొయ్యి ముందు అడిగేది. చెప్పిన కొద్దీ ఇంకా అడిగేది.

ఉపదేశి తాత పోయాక వేళాంగణి దారి అడగడానికి ఊరివాళ్లు అమ్మ దగ్గరికే వచ్చేవారు. మాత చీర అంచు దాకా అన్నీ వివరంగా చెప్పేది. "ఎన్నిసార్లు పోయినవక్కా?" అని ఒకామె అడిగితే, "మా బిడ్డ పోయొచ్చింది" అని లేచి లోపలికెళ్లింది.

వచ్చే ఏడు, వచ్చే ఏడు అంటూనే... పత్తి చేను, నా పెళ్లి, ఆమె మోకాళ్లు. ఆ ప్రయాణం జరగనే లేదు. మొక్కు సగమే తీరిందన్న దిగులుతోనే అమ్మ వెళ్లిపోయింది. నాకు ఇప్పటికీ ఆ బర్రె మీద కోపమే!

ఇప్పుడు పొద్దున అనుకుంటే సాయంత్రానికి టికెట్ ఫోన్లో వచ్చేస్తోంది. అక్కడి పూజ కూడా ఫోన్లోనే చూడొచ్చు. మీ ఇంట్లోనూ అందరినీ సాగనంపి తాను వెనక ఆగిపోయిన మనిషి ఒకరు ఉండే ఉంటారు... వాళ్ల గురించి నాలుగు మాటలు ఇక్కడ రాయండి, చదువుకుంటాను.

మొన్న పిల్లలతో మళ్లీ వేళాంగణి వెళ్లొచ్చాను. అలవాటుకొద్దీ మాత చీర రంగు, అంచు అన్నీ జాగ్రత్తగా చూసుకున్నాను. ఇంటికొచ్చాక గుడి ఎట్లున్నదే అని ఎవరూ అడగలేదు...