మగ్గం పక్కన సైకిలు

మా ఇంట్లో ఎవరూ ఎవరికీ వద్దని చెప్పరు. పట్టదు అంటారు. పెళ్లయిన కొత్తలో పుస్తకాలకు ఒక బీరువా అడిగితే పట్టదన్నారు. కుట్టుమిషను అడిగితే అదీ పట్టదన్నారు. కాబట్టి నలభై మూడేళ్ల వయసులో గేర్ల సైకిలు కొనుక్కుంటానని నేనన్నప్పుడు, మా ఆయన నోట్లో ముద్దయినా మింగకుండా "యాడ పెడతావు? పట్టదు" అన్నాడు. సైకిలు ఎంతుంటుందో ఆయన చూసింది లేదు.

నాకది కావాలి. నేను పనిచేసే బడి ఊరికి మూడు కిలోమీటర్ల దూరంలో, కొండ మొదట్లో ఉంది. ఆటో రోడ్డు మీదే దింపేసి పోతుంది. అక్కణ్నుంచి గుండ్రాళ్ల దారిలో నడక. పోనీ, బడి కోసమే అని ఎందుకు చెప్పుకోవాలి, సరదాకే అనుకోండి. చిన్నప్పుడు సైకిలు నేర్పమంటే ఆడపిల్లకెందుకన్నారు. పోయిన వేసవిలో బడి మైదానంలో, తోటి టీచరమ్మ సైకిలు మీద, మోకాళ్లు రెండూ పగలగొట్టుకుని నేర్చుకున్నాను. లావు టైర్లున్న ఈ కొండ సైకిలును కడపలో ఒక అంగట్లో చూసినప్పటినుంచి పాఠం చెబుతున్నా అదే కళ్ల ముందుంటోంది.

మాది నేతగాళ్ల ఇల్లు. ఖాళీ చోటంటే మగ్గం గదిలోనే. నేలలో గుంత, గుంత మీద మగ్గం. అది మా అత్తది. డెబ్బై దగ్గరపడుతున్నా రోజూ పొద్దున్నే పోయి అక్కడ కూర్చుంటుంది. మా ఆయన మగ్గం మానేసి చీరల బేరం చూసుకుంటాడు. మగ్గానికీ గోడకూ నడుమ ఒక సందుంది. సైకిలు పెడితే ఆ సందులోనే పెట్టాలి.

ఆదివారం మా ఆయన సందును కొలిచాడు. టేపుతో కాదు, నేల మీద పరిచిన కడప బండలు లెక్కపెట్టి. మూడు బండల పొడుగుందని తేల్చి, సైకిలు ఎంతుంటుందని అంగడికి ఫోన్ చేశాడు. అవతలి మనిషి ఇరవైతొమ్మిది అన్నాడు. చక్రం ఎన్ని అంగుళాలో చెప్పాడు పాపం. మా ఆయన బుర్రలో ఇంకా బండలే ఉన్నాయి. ఫోన్ పెట్టేసి, "ఇరవైతొమ్మిది బండలంట. బస్టాండులో గూడా పట్టదు" అన్నాడు.

మా అత్తకు ఈ లెక్క నచ్చలేదు. "ఫోన్లో కొలతలేంది? పోయి కొలుస్తాం పా" అని, ముతక గుడ్డ ఒకటి చుట్టి సంచిలో పెట్టుకుంది. ముగ్గురం కడప బస్సెక్కాం.

అంగట్లో ఆమె గుడ్డను ముందు చక్రం కొస నుంచి వెనక చక్రం కొస దాకా పరిచింది. ఒక చివర అంగడాయన చేత పట్టించింది.

"ఏమవ్వా, సైకిలుకు కోక కడతావా?" అన్నాడాయన.

"కోక గాదప్పా, కొలత" అని, పంటితో గాటు పెట్టి గుడ్డను చర్రున చించింది. నేను ఇదేమీ సరిగా చూడలేదు. సీటు మీద కూర్చుని, గేర్లు టకటక మారుస్తూ, అప్పుడే కొండ మీద ఉన్నాను.

ఇంటికొచ్చి ఆ గుడ్డను సందులో పరిచాం. సందు అయిపోయింది, గుడ్డ అయిపోలేదు. అది గోడకు తగిలి కొంచెం పైకెక్కింది. ముగ్గురం దాన్నే చూస్తూ నిలబడ్డాం. మా ఆయన ముఖం నిండా విచారం తెచ్చుకుని "నేను జెప్పలా? పట్టదు" అన్నాడు. నాకు అన్నం సహించలేదు. ఒక గుడ్డముక్క మీద అంత కోపమొస్తుందని నాకప్పటిదాకా తెలియదు.

మరునాడు బడి నుంచి వస్తూ దర్జీ దగ్గర టేపు అడిగి తెచ్చాను. సైకిలు ఎన్ని అడుగులో అంగడాయన్నే ఫోన్లో అడిగి, ఆ గుడ్డను కొలిచాను. సైకిలు కన్నా గుడ్డ జానెడు పొడుగుంది.

"అత్తా, ఇదేంది, ఎక్కువుంది?"

"జానెడు ఇడిసినా గదా" అంది మా అత్త, అదేం ప్రశ్న అన్నట్టు. "ఉతికితే గుంజుకుంటాది."

"గుడ్డ గుంజుకుంటాది. సైకిలు గుంజుకోదత్తా, ఇనుము."

ఆమె నేస్తున్న చేయి ఆపి ఆలోచించింది. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి ఏది కొలిచినా జానెడు వదలడం ఆమెకు అలవాటు. "అవు, అది ఉతకరు గదా" అని చివరికి ఒప్పుకుంది. ఆ జానెడు మడత పెడితే గుడ్డ సందులో హాయిగా పట్టింది, బెత్తెడు మిగిలింది కూడా.

మా ఆయన మాత్రం ఒప్పుకోలేదు. "పొడుగు పట్టినా అడ్డం పట్టదు. హ్యాండిలు ఎడల్పుండాది. మాయమ్మ మగ్గం కాడికి ఎట్ల పోతాది?" అన్నాడు. అడగాల్సిన మాటే. నాకు మాత్రం అప్పటికే ఒళ్లు మండుతోంది. "అయితే నువ్వే సైకిలుగా నిలబడు, చూస్తాం" అన్నాను.

నిలబడ్డాడు. హ్యాండిలంత పొడుగు కట్టె చేతికిచ్చి, సీటంత ఎత్తుకు నడుం వంచి, సందులో నిలబెట్టాను. మా అత్త ఆయన పక్కనుంచి మగ్గం దగ్గరికి పోయింది, వచ్చింది. సరిపోక నూలు సంచి ఒకటి చంకన పెట్టుకుని మళ్లీ పోయింది. అంతలో పక్కింటాయన వచ్చి గడపలో ఆగిపోయాడు.

"ఏమప్పా, ఏం చేస్తాండావు?"

"సైకిలుగా ఉండా" అన్నాడు మా ఆయన, తల ఎత్తకుండా.

పక్కింటాయన కాసేపు చూసి, "అట్ల నిలువుగా ఉండరాదు. స్టాండేస్తే సైకిలు ఎడంపక్కకు ఒరుగుతాది" అన్నాడు. మా ఆయన ఎడంపక్కకు ఒరిగాడు. అయినా మా అత్త కొంగు కూడా తగలకుండా దాటుకుని పోయి, గుంతలోకి కాళ్లు దించి కూర్చుంది. ఇక పట్టదని చెప్పడానికి దారి లేదు.

అప్పుడు మా ఆయన ఆ వంగిన నడుంతోనే, నేల చూస్తూ, "పట్టేదీ పట్టందీ గాదు. ఈ వయసులో టీచరమ్మ సైకిలెక్కి బజార్లో పోతే ఊర్లో నన్నేమంటారు?" అన్నాడు. ఇరవై ఒక్క ఏళ్ల కాపురంలో ఆయన నాతో నిజంగా వద్దన్నది అదే మొదలు. పక్కింటాయన మెల్లగా తన చెప్పుల వైపు చూసుకున్నాడు. పట్టదన్నప్పుడు పోట్లాడటం వచ్చుగానీ, దీనికి ఏం చెప్పాలో నాకు తెలియలేదు.

గుంతలో మా అత్త కాళ్లు కర్రలు తొక్కుతున్నాయి. ఒక కాలు కిందికి, ఒక కాలు పైకి. తొక్కడం ఆపింది.

"పెండ్లయిన కాడ్నుంచి తొక్కతాండా" అంది కొడుకుతో. "యాభై ఏండ్లు తొక్కినా ఈ గోడ కాడ్నే ఉండా. ఆ బిడ్డ తొక్కితే బడి కాడికన్నా పోతాది. లెయ్యి, పొయ్యి తీసకరా పో."

మా ఆయన కట్టెను గోడకు ఆనించి, నడుం పట్టుకుని నిటారుగా లేచాడు. చెప్పులు తొడుక్కుని బస్టాండు వైపు పోయాడు. నాకు ఏడుపొచ్చింది. పోయి గుంత గట్టు మీద మా అత్త పక్కన కూర్చున్నాను. ఆమె మళ్లీ తొక్కడం మొదలుపెట్టింది.