జక్రయ్య మాస్టారి మూడు సంగతులు

జక్రయ్య మాస్టారికి ఈ భూమ్మీద పాఠం లేని వస్తువు ఒక్కటి కూడా ఇంతవరకూ తారసపడలేదు. పొంగిన పాలలో, తెగిన చెప్పులో, కరెంటు పోయి ఆగిన ఫ్యానులో, ఎక్కడ చూపు పడితే అక్కడ దేవుడు మనకు చెప్పదలుచుకున్న సంగతి ఒకటి ఆయనకు కనపడుతుంది. ఒకటని పొరపాటున అన్నాను. మూడు. ఎప్పుడూ మూడే. "ఇందులో మనకు మూడు సంగతులు కనపడుతున్నాయి" అని ఆయన కుడిచేతి వేళ్ళు మూడూ ఎత్తారంటే, మా ఊళ్ళో తెలివైనవాళ్ళు మొదటి వేలు ముడిచేలోపే సందు మలుపు తిరిగేస్తారు. తెలివి తక్కువవాళ్ళూ, మోకాళ్ళ నొప్పులవాళ్ళూ మిగిలిపోయి రక్షింపబడతారు.

నేను ఆయన దగ్గరే అయిదో తరగతి దాకా చదివాను. తొమ్మిదో ఎక్కం నాకు ఇప్పటికీ సరిగ్గా రాదు. కాని బైబిల్లో బాగుపడ్డ పదిమంది కుష్ఠరోగుల్లో తొమ్మిదిమంది కృతజ్ఞత చెప్పకుండా వెళ్ళిపోయిన సంగతి మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

వినుకొండ రోడ్డు మీద అన్వర్ పంక్చర్ షాపుంది. ఒకరోజు మాస్టారి సైకిల్ ట్యూబుని అన్వర్ నీళ్ళ తొట్టిలో ముంచి బుడగల కోసం చూస్తున్నాడు.

"ఆగు అన్వర్," అన్నారు మాస్టారు. "ఇందులో మనకు మూడు సంగతులు కనపడుతున్నాయి."

"నాకు రెండే కనపడుతున్నాయండి. రెండు చోట్ల పోయింది."

"పైకి చూస్తే ట్యూబు నిక్షేపంగా ఉంది. మనిషీ అంతే. నీళ్ళలో ముంచితేగాని ఎక్కడ చిల్లు పడిందో బయటపడదు."

"మాస్టారూ, ఆ చెయ్యి కాస్త తీస్తే అతుకేస్తాను. పోయినసారి కూడా మీరు మూడోది చెప్పేలోపు నా సొల్యూషన్ ఆరిపోయింది."

కాలం మారింది కాని మాస్టారు వెనకబడలేదు. పోయిన ఏడాది పింఛను కాగితాల పని మీద ఆన్‌లైన్ సెంటరుకి వెళ్ళారు. అక్కడ పనిచేసే క్రిస్టీనా, "మీ ఫోనుకి ఓటీపీ వచ్చుంటుంది, చెప్పండి మాస్టారూ" అంది.

"చెబుతానమ్మా. ఈ ఆరు అంకెలూ మనం సంపాదించుకున్నవి కావు. పైనుంచి వచ్చాయి. గడువు పది నిమిషాలే. కృపాకాలం కూడా..."

వెనక పద్నాలుగు మంది నిలబడి ఉన్నారు. ఆయన మొదటి వేలు ముడిచేసరికి పది నిమిషాలూ అయిపోయాయి.

"కృపాకాలం అయిపోయింది మాస్టారూ," అంది క్రిస్టీనా. "మళ్ళీ పంపిస్తాను ఉండండి."

"అదిగో, అదే రెండో సంగతి," అన్నారు మాస్టారు పరమానందంగా.

ఇంట్లో ఆయన భార్య పున్నమ్మగారి పరిస్థితి వేరే చెప్పక్కర్లేదు. కుక్కర్ మూడు విజిళ్ళలోనూ మారుమనస్సు, బాప్తిస్మం, పరిశుద్ధతా ఉన్నాయని ఆయన వివరిస్తూ ఉండగా అది ఏడో విజిల్ కూడా కూసింది. పున్నమ్మగారు నల్లబడ్డ పప్పు తెచ్చి కంచంలో వడ్డించి, "మాడిన పప్పు గురించి ఏమన్నా ఉంటే చెప్పండి. లేకపోతే తినండి" అన్నారు. ఆయన తిన్నారు. చరిత్రలో ఆయన చెప్పకుండా వదిలేసిన పాఠం బహుశా అదొక్కటే.

ఇంతటి మనిషికి చర్చిలో ప్రసంగం చేసే పుల్పిట్ ఎక్కే భాగ్యం మాత్రం లేకపోయింది. కారణం ఒక చెప్పు. ఇరవై రెండేళ్ళ కిందట క్రిస్మస్ ఆరాధన చివర్లో, "ఎడమకాలి చెప్పు ఒకటి దొరికింది, పోగొట్టుకున్నవారు గుమ్మం దగ్గర తీసుకోవచ్చు" అనే ప్రకటన చదవడానికి ఆయన చేతికి మైకిచ్చారు. చదవడానికి యాభై అయిదు నిమిషాలు పట్టింది. ఆయన మూడో సంగతి దగ్గరకొచ్చేసరికి పందిట్లో బిర్యానీ చల్లారింది, పిల్లలు నిద్రపోయారు, చెప్పు పోగొట్టుకున్న మనిషి రెండోది కూడా అక్కడే వదిలేసి ఇంటికెళ్ళిపోయాడు. మర్నాడు సంఘ కమిటీ సమావేశమై, జక్రయ్య మాస్టారికి ఏ సందర్భంలోనూ మైకు ఇవ్వరాదని ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ తీర్మానాన్ని మినిట్సు పుస్తకంలో రాసింది కూడా మాస్టారే. ఊళ్ళో దస్తూరీ బాగున్నది ఆయన ఒక్కరిదే.

ఆయన నొచ్చుకోలేదు. కాని పోయేలోపు ఒక్క ఆదివారం, కమిటీ పిలిస్తే వెళ్ళి, ఆ పుల్పిట్ దగ్గర నిలబడి సక్రమంగా ఒక ప్రసంగం చేయాలన్న కోరిక మాత్రం అలాగే ఉండిపోయింది. దాని కోసం రెండొందల పేజీల నోటుపుస్తకంలో "విత్తనం నుంచి కల్లం దాకా" అని ప్రసంగం సిద్ధం చేసుకున్నారు. ఏటా దిద్దేవారు. పుస్తకం ఎప్పుడూ చంకలోనే ఉండేది.

మార్చి నెలలో మా ఊరు దూరం నుంచి చూసేవాళ్ళకి అంటుకున్నట్టు కనపడుతుంది. చుట్టూ కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉంటాయి. ఆ నెల రోజులూ మాస్టారు సాయంత్రం పూట ఒక్కో కల్లానికీ వెళ్ళి కూర్చునేవారు. చర్చి వెనక కల్లం బసవమ్మది. నుదుట ఇంత విభూతి పెట్టుకుని, కూలీలతో పాటు తనూ కూర్చుని, మంచి కాయలోంచి తెల్లబడ్డ తాలుకాయ ఏరుకుంటూ ఉంటుంది.

"చూశావా బసవమ్మా," అన్నారు మాస్టారు ఈ ఏడాది కూడా. "చివరి రోజున మనల్నీ ఇలాగే ఏరతారు."

"ఏరతారేమో గాని, మీరు కూర్చుంది తాలు కుప్ప మీద. ఇటొచ్చి కూర్చోండి."

"రెండోది..."

"రెండోది రేపు చెబుదురుగాని మాస్టారూ. కాయ మీద కప్పే పట్టా మూడు చోట్ల చిరిగింది, కుట్టించుకోవాల. మా అబ్బాయి కోటేష్, పెళ్ళాన్ని కాన్పుకి గుంటూరు తీసుకెళ్ళాడు. కూలోళ్ళు ఇద్దరే వచ్చారు. నాకెక్కడ తీరుద్ది చెప్పండి."

"సరేనమ్మా," అని మాస్టారు నోటుపుస్తకంలో ఏదో రాసుకుని పక్క కల్లానికి వెళ్ళారు. రెండో సంగతి మర్చిపోకుండా రాసుకుంటున్నారు పాపం అని మేమంతా నవ్వుకున్నాం.

ఆ ఆదివారమే మా చర్చిలో కోత పండుగ. కొత్త పంటలో దేవుడి భాగం తెచ్చి పీఠం ముందు పెట్టే రోజు. గుమ్మడికాయలూ, కందుల మూటలూ, కాళ్ళు కట్టిన కోళ్ళూ వరసగా ఉన్నాయి. ఒంగోలు సువార్త సభల పెద్ద సాల్మన్ గారు ముఖ్య ప్రసంగీకులు. గేటు మీద ఆయన నవ్వు ముఖంతో ఇరవై అడుగుల ఫ్లెక్సీ కట్టించాం. సరిగ్గా పది గంటలకి ఆయన ఫోన్ చేశారు. దారిలో గ్రానైట్ లారీ ఒకటి రోడ్డుకి అడ్డంగా తిరగబడింది, గంటన్నరకి తక్కువ పట్టదని. మా పాస్టర్ ఇమ్మానియేలు గారికేమో వారం రోజులుగా పాటలు నేర్పించి నేర్పించి గొంతు పూర్తిగా పోయింది. అప్పటికే ఆరాధన సైగలతో నడిపిస్తున్నారు.

కమిటీ వెనక గదిలో కూడింది. మిగిలిన దారేమిటో అందరికీ తెలుసు. చివరికి కార్యదర్శి ప్రకాష్, "ఎండాకాలం కదా, బిర్యానీ అంత తొందరగా చల్లారదులే" అన్నాడు. అలా ఇరవై రెండేళ్ళ తీర్మానం రెండు నిమిషాల్లో రద్దయింది. ఇరవై నిమిషాలే అని షరతు. రద్దు తీర్మానం కూడా మాస్టారే రాశారు. ఈసారి కింద రెండుసార్లు గీత గీశారు.

మాస్టారు పుల్పిట్ ఎక్కారు. కళ్ళజోడు తుడుచుకున్నారు. నోటుపుస్తకం తెరిచారు. ముందు బెంచీలో పున్నమ్మగారు గడియారం వంక చూసి, కొంగు సర్దుకుని, ఓపిగ్గా కూర్చున్నారు. మూడు వేళ్ళూ పైకి లేచాయి.

"ప్రియులారా, మిరప పంటలో మనకు మూడు సంగతులు కనపడుతున్నాయి. మొదటిది..."

ఆగారు. ఆయన పడమటి కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

"మొదటిది..." అన్నారు మళ్ళీ. మళ్ళీ కిటికీ వంక చూశారు. వినుకొండ వైపు నుంచి నల్లటి మబ్బు దిగుతోంది. మాస్టారు నోటుపుస్తకం మూసేశారు.

"బసవమ్మ పట్టా మూడు చోట్ల చిరిగి ఉంది. కొడుకు ఊళ్ళో లేడు. కల్లంలో ఒక్కతే ఉంది. నలభై బస్తాల కాయ. తడిసిందంటే రంగు పోయి బూజు పడుద్ది, ఆమెకి ఏడాది కష్టం పోద్ది. లేవండి."

చర్చి అంతా తన్మయంగా వింటోంది. ఇంత బలమైన ఆరంభం మాస్టారి నుంచి ఎవరూ ఊహించలేదు. వెనక నుంచి ఏసుబాబు తాత కళ్ళు మూసుకుని, "ఆమేన్" అన్నాడు. నలుగురు "స్తోత్రం" అన్నారు. నా పక్కాయన పెన్ను తీసి, "చిరిగిన పట్టా అంటే పాపపు జీవితం" అని రాసుకున్నాడు.

"ఆమేన్ కాదయ్యా, లేవండి."

"హల్లెలూయ," అంది చర్చి.

"ఒరేయ్ ప్రకాష్, ఇది ఉదాహరణ కాదురా," అన్నారు మాస్టారు, మైకు పక్కకి నెట్టి. "మబ్బంటే మబ్బే. పట్టా అంటే పట్టానే. ఇందులో ఒక్క సంగతి కూడా లేదు. పరిగెత్తండి."

ఒక్క సంగతి కూడా లేదన్న మాట ఆ నోటి నుంచి వచ్చేసరికి జనానికి భయం పట్టుకుంది. తెల్ల చొక్కాలూ, పట్టుచీరలూ కల్లం మీదికి దూకాయి. కింద పరిచిన నీలం తివాచీ చుట్టి భుజాన వేసుకున్నారు. పందిరి గుడ్డ విప్పుకొచ్చారు. ప్రకాష్ గేటెక్కి ఫ్లెక్సీ తాళ్ళు కోసేశాడు. బసవమ్మ ఒక్కతే గోనెపట్టాలతో అటూ ఇటూ పరిగెడుతూ ఉన్నది కాస్తా, నూటయాభై మందిని చూసి నిలబడిపోయింది.

"ఏందయ్యా ఇది, పూజ వదిలేసొచ్చారు?"

"మాట్లాడేది తర్వాతమ్మా, ఆ కొస పట్టుకో," అన్నారు మాస్టారు. "ఇమ్మానియేలు గారూ, కుప్ప పొయ్యండి. యలమందయ్య కల్లానికి పోమాకండి, అతని పట్టా గట్టిదే. ఒక పదిమంది చెరువు గట్టు వైపు వెళ్ళండి, అక్కడ ముసలాయన ఒక్కడే ఉంటాడు."

తివాచీ రెండో కొస పట్టుకుని ఉన్న నేను పున్నమ్మగారిని అడిగాను, ఇవన్నీ మాస్టారికి ఎలా తెలుసని.

"ఎట్టా ఏంది, ఆళ్ళే చెబుతారు," అన్నారామె మిరపకాయలు ఎగదోస్తూ. "నీకేం కష్టమని అడిగితే ఎవరన్నా నోరిప్పుతారా? అదే మూడు సంగతులు చెబుతానని కూర్చుంటే, తప్పించుకోడానికి ఇంట్లో ఉన్న బాధలన్నీ ఏకరువు పెడతారు. ఈయన రాసుకుంటాడు. ప్రసంగం ఆ పుస్తకంలో ముందు పదిహేను పేజీలే నాయనా. మిగతాదంతా మీ సాకులే."

మా నాన్నకి కంటి ఆపరేషన్ ఉందని నేనొకసారి మాస్టారిని తప్పించుకున్నాను. ఆ పొద్దున ఆసుపత్రి గుమ్మంలో ఆయన అన్నం క్యారేజీతో ఎందుకు కనపడ్డారో నాకు అప్పుడు అర్థమైంది. అదేదో యాదృచ్ఛికమనుకుని, అక్కడ కూడా ఆయన్ని తప్పించుకున్నాను.

చివరి కుప్ప మిగిలింది. దాని మీద ఫ్లెక్సీ కప్పాం. ఇరవై అడుగుల సాల్మన్ గారు చిరునవ్వుతో మిరపకాయల మీద వెల్లకిలా పడుకున్నారు. తాళ్ళు బిగించి రాళ్ళు పెట్టామో లేదో వాన దిగింది. ఒక్క కాయ తడవలేదు.

బసవమ్మతో సహా అందరం చర్చిలోకి పరిగెత్తాం. పాస్టర్ గారు మాస్టారి వైపు తిరిగి, గొంతులో మిగిలిన కాస్త గాలితో, "మీకింకా పద్దెనిమిది నిమిషాలున్నాయి" అన్నారు. మాస్టారు మళ్ళీ పుల్పిట్ ఎక్కారు. అందరి వంకా చూశారు. నోరు తెరిచారు. తుమ్మారు.

నలభై బస్తాల మిరపకాయల్ని ఉత్త చేతులతో ఎత్తి, ఆ చేతులతోనే ముఖం మీద వాననీళ్ళు తుడుచుకున్న జనం మేం. ఒక్కొక్కరికీ మంట అందుకుంది. కళ్ళు ధారలు కట్టాయి. ముక్కులు చీదుకుంటున్నారు. పున్నమ్మగారు కొంగులో తల దాచుకున్నారు. ముందు బెంచీలో బసవమ్మ విభూతి కారిపోతుండగా వెక్కుతోంది. పుల్పిట్ మీద మాస్టారు రెండు చేతులూ పైకెత్తి, ముఖమంతా తడిసి నిలబడి ఉన్నారు.

సరిగ్గా అప్పుడు సాల్మన్ గారు గొడుగు ముడుస్తూ గుమ్మంలో అడుగు పెట్టారు. చూశారు. నూటయాభై మంది ఒక్కసారిగా ఏడుస్తున్న సంఘాన్ని ఆయన ముప్పై ఏళ్ళ సేవలో చూసి ఉండరు. గొడుగు అక్కడే పడేసి గుమ్మంలోనే మోకాళ్ళూనారు.

కాసేపటికి లేచొచ్చి మాస్టారి చేతులు పట్టుకున్నారు. "ఏం చెప్పారండి వీళ్ళకి?"

"ఏమీ చెప్పలేదండి. మొదటి సంగతి కూడా కాలేదు. ఇదంతా మిరపకాయల..."

"చూశారా ఎంత తగ్గింపు మనసో," అన్నారు సాల్మన్ గారు మా వైపు తిరిగి. "వచ్చే గురువారం ఒంగోలు సభల్లో మీరు మాట్లాడాలి. అయిదు వేల మంది వస్తారు. నలభై నిమిషాలు మీవి."

కమిటీ సభ్యులు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. నిజం చెప్పవలసిన బాధ్యత ప్రతి ఒక్కరికీ ఉంది. ఎవరూ చెప్పలేదు. ఏకగ్రీవంగా చెప్పలేదు.

మాస్టారి ముఖం మతాబులా వెలిగి, అంతలోనే తగ్గింది. "గురువారమా? కుదరదేమోనండి. ఆ రోజు ఈమె కాయ బస్తాలకెత్తాలి. మనుషులు చాలరు."

"నా కాయ సంగతి ఊరంతా చూసుకుంటదిలే, మీరెళ్ళండి మాస్టారూ," అంది బసవమ్మ ముక్కు తుడుచుకుంటూ. "అయిదు వేల మంది అంటున్నాడు, ఉత్త మాటలతో ఏడవరు. గుప్పెడు కాయ మూట కట్టిస్తా, పట్టుకెళ్ళండి."