కత్తి పట్టుకుని వాక్యం చెప్పిన తాతయ్య

పట్టుదల విషయంలో ఉడుము కూడా తాతయ్య దగ్గర పాఠం నేర్చుకోవాలి. ఆ ఏడు ఆయన పట్టిన పట్టేమిటంటే, దేవుడు తనను ప్రసంగాలు చెప్పడానికే పుట్టించాడని. దేవుడు ఒక్కొక్కరిని ఒక్కో పనికి పిలుస్తాడనీ, ఎవరి పిలుపు ఏదో వాళ్లే ప్రార్థించి తెలుసుకోవాలనీ పాస్టరుగారు ఆదివారం అందరికీ చెప్పారు. మిగతావాళ్లు భోజనాల వేళకే మరిచిపోయారు. తాతయ్య మాత్రం మర్నాడు షాపు తలుపు తీస్తూనే మొదలుపెట్టాడు.

ఆయనది బస్టాండు పక్కన రెండు కుర్చీల సెలూన్. మొహమంతా నురగ పూయించుకుని కూర్చున్న మనిషి ఎక్కడికి పారిపోతాడు? గొంతు మీద కత్తి ఆనించి, మారుమనస్సు పొందావా బాబూ అని మెల్లగా అడిగేవాడు. పొందలేదని అన్నవాడు ఒక్కడూ లేడు. ఇంతమంది మారారని తాతయ్య ఇంటికొచ్చి పొంగిపోతుంటే అమ్మమ్మ అంది: "మారారులే. ఎదురు సెలూన్‌కి మారారు."

తాతయ్య తగ్గలేదు. షాపు అద్దెకిచ్చేసి ప్రసంగికుల శిక్షణకు వెళ్తానన్నాడు. తొందరపడకుండా, ప్రార్థన చేసుకుని శనివారానికి చెప్పమన్నారు పాస్టరుగారు. తాతయ్య మోకాళ్లు పట్టేసేదాకా ప్రార్థించాడు. నిజం చెప్పాలంటే దేవుణ్ణి అడగలేదు, ఒప్పించడానికి చూశాడు.

ఆ వారంలోనే లెక్కల మాస్టారి కూతురు షాపుకి వచ్చింది. మాస్టారు మంచం పట్టి చాలాకాలమైంది. భార్య పోయిన దగ్గర్నుంచి ఎవరితోనూ మాట్లాడటం లేదు. వారానికోసారి షాపు సెలవు రోజున తాతయ్యే వెళ్లి ఆయన గడ్డం గీసేవాడు. ప్రసంగాల హడావుడిలో అది కాస్తా మానేశాడు. కూతురు తనే గీయబోతే చెంప తెగిందట, ఒక్కసారి రమ్మని అడిగింది.

తాతయ్యకు లోలోపల సంబరమే. ఈ మనిషి ఎదురు సెలూన్‌కి వెళ్లలేడు కదా! దారిపొడవునా ప్రసంగం నెమరేసుకుంటూ వెళ్లాడు.

మాస్టారి తల వణుకుతోంది. తాతయ్య దిండు సర్ది, వేడినీళ్ల గుడ్డతో గడ్డం మెత్తబరిచి, కత్తి ఆనించి నోరు తెరిచాడు. గొంతు వినబడగానే మాస్టారు తల ఇటు తిప్పారు. కత్తి వెంట్రుకవాసిలో తప్పింది. మళ్లీ మొదలుపెట్టాడు, మళ్లీ అదే వరస. కత్తి గొంతు దగ్గరున్నంతసేపు నోరెత్తకూడదని పని నేర్పిన మేనమామ మొట్టికాయలు వేసి మరీ చెప్పిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

నోరు మూసుకున్నాడు. అమ్మమ్మ దృష్టిలో అది ఎర్ర సముద్రం పాయలైనంత అద్భుతం. ఎడమ అరచేతిలో మాస్టారి చెంప ఆనించుకుని నెమ్మదిగా గీశాడు. వణుకు కాస్త కాస్తగా ఆ చేతిలో సర్దుకుంది.

నురగ తుడిచాక మాస్టారు పెదవి విప్పారు.

"ఆవిడ పోయాక నన్నెవరూ ఇలా పట్టుకోలేదయ్యా."

ఇక ఆవిడ కబుర్లు చెబుతూనే ఉన్నారు. కూతురు చేతిలో గరిటెతో అలాగే గుమ్మంలో నిలబడిపోయింది. చివరికి ప్రార్థన చేయమని మాస్టారే అడిగారు. అంత ప్రసంగం మోసుకెళ్లిన మనిషి రెండు ముక్కల్లో ముగించాడు. ఇంటికొచ్చి మళ్లీ మోకరించాడు. ఈసారి అడిగాడు.

శనివారం పాస్టరుగారు వచ్చి కుర్చీలో కూర్చున్నారు. ఏం తేల్చుకున్నావన్నారు.

"శిక్షణకు వెళ్లనండి," అన్నాడు తాతయ్య నురగ పూస్తూ. "దేవుడు పిలిచిన మాట నిజమే. ఎక్కడికో మాత్రం నేనే చెప్పేసుకున్నాను."

"మరి ఎక్కడికంటావు?"

"మంచం దిగలేనివాళ్ల ఇళ్లకండి. రోజూ మధ్యాహ్నాలు షాపు మూసేసి వెళ్తాను. బేరం పోతే పోనివ్వండి. ఎవరెవరున్నారో మీరు చెప్పండి."

పాస్టరుగారు చెప్పబోయారు.

"ఇప్పుడు కాదండి, కత్తి గొంతు దగ్గరుంది."

ఎండనకా వాననకా, చేతులు కుదురుగా ఉన్నన్నాళ్లూ వెళ్లాడు. ఆ ప్రసంగమేమైందంటారా? భోజనాల దగ్గర మనవలమే వింటున్నాం. అక్కడ కత్తి లేదు కాబట్టి ఆయన్ని ఆపే దారీ లేదు.