గుండీ చూసి ఎంచిన మనిషి

వీధిలో అందరికీ ఆమె కాజాలమ్మే. మొగుడు దర్జీ. ఆయన చొక్కా కుట్టి ఇటు పడేస్తే, కాజాలు తీసి గుండీలు కుట్టడం ఆమె పని. పెళ్ళయిన నాటి నుంచీ ఒకే గదిలో, ఒకే కిటికీ వెలుగులో కుట్టుకున్నారు, పోట్లాడుకున్నారు. మిగతా విషయాల్లో ఎలా సర్దుకున్నా, కామెడీ ఫెస్టివల్ వచ్చిందంటే మాత్రం ఇద్దరూ ఉప్పూ నిప్పూ.

వీధి చివర పాత హాల్లో ఏటా జరిగేదది. స్టాండప్ వాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వచ్చి, మైకు పట్టుకుని ఒంటరిగా నిలబడి జనాన్ని నవ్వించేవారు. ఆ సాయంత్రం కొట్టుకి తాళం పడేది. చూసేది ఇద్దర్నే. ఒకరిని ఆమె ఎంచాలి, ఒకరిని ఆయన. అవతలివాళ్ళు ఎంచిన మనిషి దగ్గర నోరు తెరిచి నవ్వితే ఓడినట్టు. ఓడినవాళ్ళు ఇంటికొచ్చి టీ పెట్టాలి.

కాజాలమ్మ నలుగుర్నీ అడిగి పేరున్నవాళ్ళని ఎంచేది. దర్జీ హాలు గోడ మీది ఫోటోలకి ముక్కు ఆనించి గుండీలు చూసేవాడు. "ఇదిగో, వీడి రెండో గుండీ వేరే దారంతో కుట్టుంది. సొంతంగా కుట్టుకున్నాడన్న మాట. వీడి దగ్గర చెప్పడానికి నాలుగు ముక్కలుంటాయే!"

"మనిషిని చూడమంటే చొక్కాని చూస్తారు, నా ఖర్మ," అని ఆమె తల కొట్టుకునేది.

ఆమె ఎంచినవాడు మైకు సర్దుకుంటూ ఉండగానే దర్జీ పగలబడి నవ్వేవాడు. ముందు వరసలవాళ్ళు వెనక్కి తిరిగి చూసేవారు. మరి ఆయన ఎంచినవాళ్ళు నవ్వించలేదా అంటే, భేషుగ్గా నవ్వించారు. కాజాలమ్మే చేతిరుమాలు నోట్లో కుక్కుకుని బిగబట్టేది. మర్నాడు గుండీ కుడుతూ ఆ జోకు తలుచుకుని, గోడ వైపు తిరిగి నవ్వుకునేది. మొగుడికి మాత్రం చెబితే ఒట్టు. పాపం, ఏటా ఆయనే టీ పెట్టాడు. ఒక్కసారీ గెలవకుండానే కిందటేడు పోయాడు.

ఒక్కసారి ఓడిపోతే నా సొమ్మేం పోయేది అని ఆమె ఇప్పుడు గుండీ కుట్టినప్పుడల్లా అనుకుంటుంది.

ఈ ఏడు మనవరాలు వచ్చి, "అమ్మమ్మా, ఎవర్ని చూద్దాం?" అంది.

"నా మనిషి వద్దులే. మీ తాత మనిషిని చూద్దాం."

"తాత లేడుగా, ఎవరు ఎంచుతారు?"

"ఆయన చొక్కాలకి గుండీలన్నీ కుట్టింది ఎవరనుకున్నావే? గుండీ చూసి ఎంచడం నాకు రాదా?"

తీరా వెళితే ఫోటోల్లో అందరూ టీషర్టులే. "గుండీ లేకుండా ఎలా బతుకుతున్నారే వీళ్ళు!" అని విసుక్కుంది. మనవరాలు కిసుక్కుమంది గానీ, ఆమెకి కళ్ళు తడయ్యాయి. ఆయన్ని గెలిపించడానికి ఉన్న ఒక్క దారీ పోయిందనిపించింది.

చిట్టచివర, మెట్ల పక్కన ఒక అమ్మాయి ఫోటో ఉంది. వదులు చొక్కా, మడిచిన చేతులు. కాజాలమ్మ కళ్ళజోడు పైకెత్తి గోడకి ముక్కు ఆనించింది. తెల్ల చొక్కాకి ఒక గుండీ నల్లదారంతో వేలాడుతోంది.

"ఎంత దరిద్రంగా కుట్టిందో చూడు! ఇదేనే, మీ తాత మనిషి."

ఆ అమ్మాయి ఆట హాలు పక్కనే చిన్న గదిలో. సగం కుర్చీలు ఖాళీ. మొదటి జోకుకి ఎవరూ కదల్లేదు. రెండోదీ అంతే. కాజాలమ్మకి గుబులు పట్టుకుంది. ఉత్తుత్తి నవ్వొకటి నవ్వేస్తే పనైపోతుంది. కానీ ఆయనకి దొంగ గెలుపు ఇవ్వడం ఆమెకి ఇష్టం లేదు.

అప్పుడా అమ్మాయి ఛాతీ మీది నల్లదారం గుండీ చూపించింది. "మంచం మీద కూర్చుని నేనే కుట్టుకున్నా. బ్రహ్మాండంగా కుదిరింది. లేస్తే దుప్పటి కూడా లేచింది. ఆఫీసుకి టైమవుతోంది, ఏం చేస్తాం, దుప్పటితోనే బస్సెక్కా. పక్క సీటావిడ ఓ అంచు లాక్కుని కప్పుకుని పడుకుంది!"

కొత్త కాపురంలో కాజాలమ్మ కూడా ఎవరిదో చొక్కాని తన ఒంటి మీది బట్టకి కలిపి కుట్టేసి, అలాగే లేచి నిలబడింది. ఆ రోజు దర్జీ మిషను వదిలేసి నేల మీద దొర్లి నవ్వాడు. అది గుర్తొచ్చేసరికి రుమాలు వెతుక్కునే వ్యవధి కూడా దొరకలేదు. కడుపు పట్టుకుని, గది దద్దరిల్లేలా నవ్వింది. ముందు వరసలవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. ఆ తర్వాత వాళ్ళూ నవ్వడం మొదలెట్టారు.

ఇంటికి రాగానే మనవరాలు వంటింట్లోకి నడిచింది. "నువ్వు కూర్చో అమ్మమ్మా, టీ నేను పెడతా."

"నువ్వెందుకు పెడతావే?" కాజాలమ్మ ఆ పిల్ల చేతిలోంచి గిన్నె లాక్కుంది. "ఓడింది నేను."