బాబాయి విమానానికి నాయకుడి మోచెయ్యి

పోయిన బుధవారం ఉదయం ఆరున్నరకు నరసరావుపేటలో మా పక్కింటి బాబాయి గుండెపోటుతో చనిపోయారు. పెరట్లో రేకుల షెడ్డు కింద ఆయన కట్టుకుంటున్న ఒంటి సీటు విమానం ఇంకా పూర్తి కాలేదు. రెండో సంగతి కూడా ముందే రాయడానికి కారణం ఉంది. పరామర్శకు వచ్చినవాళ్లు పిన్ని పక్కన కాసేపు కూర్చుని, గొంతు తగ్గించి అడుగుతున్నది దాని గురించే.

ఆయన మాకు చుట్టం కాదు. మధ్యలో ఒక గోడ, ఆ గోడ మీద నుంచి పలకరింపులు. నేను విలేకరిని కాబట్టి రోజూ ఒకటే ప్రశ్న: “ఏందిరా, ఇయ్యాల ఎవరు ఎవర్ని తిట్టారు?” జీవితమంతా ఆయిల్ ఇంజన్లు, ట్రాక్టర్లు బాగుచేశారు. పొడుగాటి స్క్రూడ్రైవరు కొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని రోగం చెప్పేవారు. మా ఇంట్లో ఫ్రిజ్‌ను కూడా అలాగే విని, “దీనికి ఇంకో ఎండాకాలం ఉంది” అన్నారు. నిజంగానే ఉంది.

షాపు అల్లుడికి అప్పజెప్పాక ప్లాన్లు తెప్పించుకుని విమానం మొదలుపెట్టారు. ఎగరడానికి ప్రభుత్వ అనుమతులు కావాలి. నేల మీద ఇంజను నడపడానికి పిన్ని అనుమతి చాలు. అది రావడమే కష్టమైంది. “ఇంట్లో ఫ్యాను తిరగట్లేదు, ఈయనకి ఆకాశంలో ఏం పని?” అనేది ఆమె వాదన. బాబాయి ఫ్యాను బాగుచేశారు. అనుమతి వచ్చింది.

అప్పుడు అసలు చిక్కు బయటపడింది. ఇంజను అంటుకునేది, కాసేపటికే దగ్గి ఆగిపోయేది. కార్బురేటరు ఇంజను పక్కనున్న వేడిగాలినే పీలుస్తోంది. విమానం ముక్కు దగ్గర నుంచి చల్లగాలి తెచ్చే గొట్టం కావాలి. అది తేలిగ్గా ఉండాలి, మధ్యలో గుండ్రంగా వంపు తిరగాలి. వంపు తిరిగిన ప్లాస్టిక్ ఎల్బో పెడితే వేడికి మెత్తబడి ఒరిగిపోయింది. ఫైబర్ గ్లాసుతోనే చెయ్యాలని తేలింది. “అది ఆగకుండా నడిస్తే చాలురా. ఎగరటం తర్వాత సంగతి. ముందు దానికి ఊపిరాడాల” అన్నారు. చివరిదాకా ఆయన కోరుకున్నది అంతే.

మొదటిసారి థర్మోకోల్‌ను వంపుగా చెక్కి, దాని మీద ఫైబరు చాప చుట్టి రెసిన్ జిగురు పూశారు. ఆ రెసిన్ థర్మోకోల్‌ను కరిగించేస్తుందని మా ఇద్దరికీ తెలియదు. మేం టీ తాగి వచ్చేసరికి గొట్టం అప్పడంలా ముడుచుకుపోయింది. బాబాయి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “మనం పూశాం, అది తినేసింది” అని తేల్చారు.

ఆ తర్వాత పిడుగురాళ్ల రోడ్డులో విగ్రహాలు చేసే ఫైబరు భాయ్ దగ్గరకు వెళ్లాం. అక్కడ ఒక నాయకుడి విగ్రహం అచ్చు రెండు చెక్కలుగా విప్పి ఉంది. కుడి మోచెయ్యి వంగి ఉంది. బాబాయి టేపు తీసి మోచేతిని కొలిచారు.

“భాయ్, నాకు ఈ చెయ్యి కావాల.”

“ఎవరిదో తెలుసా బాబాయ్?”

“ఎవరిదైతే ఏంది, వంపు కుదిరింది.”

ఆ అచ్చులో చేతిని రెండు సగాలుగా తీసి అతికించారు. గొట్టం పైన చొక్కా చేతి మడతలు కూడా అలాగే వచ్చాయి. మర్నాటికి కబురు ఊరంతా పాకింది. ఒక పార్టీ కార్యకర్త వచ్చి, “అది మా నాయకుడి చెయ్యి. విమానానికి మా రంగే ఎయ్యాల” అన్నాడు. వెనకే ఇంకో పార్టీ అతను వచ్చాడు. “వాళ్ల చెయ్యి పెట్టుకుని మా ఇళ్ల మీదగా ఎగిరితే మేం చూస్తా కూర్చోం.” గొడవ జరిగిందా అని మా పత్రిక డెస్కు నుంచి ఫోను. “ఇంకా లేదు. గొట్టం ఆరుతోంది” అని చెప్పాను.

బాబాయి ఇద్దరినీ ఆటోలో ఎక్కించుకుని భాయ్ దగ్గరకు తీసుకెళ్లారు. భాయ్ చాలాసేపు నసిగి, చివరకు చెప్పాడు. “ముఖాలే మారుస్తాను అన్నా. చేతులు ఒకటే అచ్చు. మీ సెంటర్లో ఉన్నాయనకీ, వాళ్ల సెంటర్లో ఉన్నాయనకీ ఇదే చెయ్యి.”

“మరి మా ఆయనకి వాచీ ఉందిగా?” అన్నాడు మొదటివాడు.

“అది విడిగా అతికించింది అన్నా.”

తిరుగు ప్రయాణంలో ఆటోలో బాబాయి దారంతా మాట్లాడారు. అంతా గొట్టం గురించే.

పోవడానికి ముందురోజు, మంగళవారం సాయంత్రం, బాబాయి అతుకును పరీక్షించారు. పిన్ని ఒక చివర అరచేత్తో మూసింది. గొట్టానికి సబ్బునీళ్లు పూసి, ఆయన రెండో చివర నుంచి ఊదారు. మోచేతి దగ్గర ఒక బుడగ లేచింది. అక్కడ చిన్న పట్టీ వేసి, ఆరాక మళ్లీ ఊదారు. ఈసారి ఏ బుడగా రాలేదు. “అయిపోయిందా?” అని పిన్ని అడిగింది. “నేను ఊదటం అయింది. ఇక అది పీల్చాల” అన్నారు. పొద్దున్నే బిగిద్దామని నాతో గోడ మీద నుంచి చెప్పి పడుకున్నారు.

నిన్న భాయ్ వచ్చి గొట్టం బిగించి వెళ్లాడు. కొలత సరిపోయింది.

శనివారం పెద్దకర్మ. ఆదివారం ఉదయం ఏడింటికి విమానాన్ని ఎదురుగా ఉన్న ఖాళీ స్థలంలోకి తోసి ఇంజను స్టార్టు చేస్తారు. ముందుకు దూకకుండా చక్రాలకు ఇటుకలు పెడతారు. ఎడమ రెక్క ఒక పార్టీ అతను, కుడి రెక్క ఇంకో పార్టీ అతను పట్టుకుంటామన్నారు. తోక నాది. తాళం తానే తిప్పుతానని పిన్ని చెప్పింది. భయం లేదా అని అడిగాను. “ఎగరదు గదరా. ఆగకుండా నడుస్తదో లేదో చూడటమేగా” అంది. ఆ సీటు బాబాయి కొలతకు చేసింది. ఆమెకు తాళం అందాలంటే వీపు వెనక రెండు దిండ్లు పెట్టాలి. దిండ్లను నిన్ననే ఉతికి, షెడ్డు ముందు దండెం మీద ఆరేసింది.