రక్తాన్ని వేడి చేసే తొందర

కోవిడ్‌కు రెండేళ్ల ముందు నేను నారాయణగూడలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, గుండె ఆపరేషన్ల విభాగంలో సీనియర్ మత్తు డాక్టరుగా ఉన్నాను. మత్తు డాక్టరంటే సూది వేసి వెళ్లిపోయేవాడని లోకం అనుకుంటుంది. సర్జన్ గుండె చూసుకుంటాడు. ఆపరేషన్ జరిగే ఆ నాలుగు గంటలూ మెదడును చూసుకోవాల్సింది మేం.

అప్పుడు వచ్చిన పేషెంటు యాదగిరి. అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లో గ్రూప్స్ రాసేవాళ్లకు రాజ్యాంగం చెప్పేవాడు. చేతిలో కాగితం లేకుండా అధికరణాలు వరసపెట్టి అప్పజెప్పేవాడట. గుండెలో వాల్వు పాడైంది, మార్చాలి. ముందురోజు నేను వివరాలు రాసుకుంటుంటే ఒక్కటే అడిగాడు: "సార్, గుండె సంగతి మీరే చూస్కోండ్రి. నా యాది మాత్రం ఖరాబ్ కావొద్దు. నాకున్నది గదొక్కటే." ఏం కాదు, నాది పూచీ అన్నాను. ఎంత తేలిగ్గా అనేశానో!

గుండెను ఆపి పనిచేసేటప్పుడు శరీరంలో రక్తాన్ని ఒక యంత్రం తిప్పుతుంది. అందులోనే రక్తాన్ని చల్లబరుస్తాం. చల్లబడిన మెదడుకు తక్కువ ఆక్సిజన్ సరిపోతుంది. థయోపెంటోన్ అనే మత్తుమందు కాస్త ఎక్కువ ఇస్తే మెదడు పని ఇంకా నెమ్మదిస్తుంది. అసలు గండం తిరిగి వేడి చేసేటప్పుడే. నిదానంగా చేయాలి. మెదడుకు వెళ్లే రక్తం ముప్పైఏడు డిగ్రీలు దాటకూడదు, దాటితే మెదడు దెబ్బతినొచ్చు.

ఆ రోజు బయట సర్జన్‌కు రెండో కేసు సిద్ధంగా ఉంది. కుట్లు పూర్తికాకముందే, యంత్రం నడిపే టెక్నీషియన్‌ను వేడి పెంచమన్నాడు. నేను ఆగమన్నాను. "థయోపెంటోన్ ఇచ్చిన్రు కదా డాక్టర్ సాబ్, ఇంకేంది పరేషాన్? కానియ్యిండ్రి" అన్నాడు సర్జన్. టెక్నీషియన్ నా ముఖం చూశాడు. నేను తల దించుకుని చార్టు రాసుకుంటూ ఉండిపోయాను. యంత్రం మీద అంకె ముప్పైఎనిమిది దాటింది. చార్టులో ముప్పైఏడు అని రాశాను. ఈ చేత్తోనే.

మర్నాడు యాదగిరి కళ్లు తెరిచి పేరు చెప్పాడు, కాళ్లూ చేతులూ కదిపాడు. మా దగ్గర పరీక్ష అంతవరకే. మెదడుకు లోపమేమీ లేదని రాసి సంతకం పెట్టాను.

మూడు నెలలకు భార్యతో వచ్చాడు. ఆమే మాట్లాడింది. "క్లాసుల చెప్పుకుంట చెప్పుకుంట ఆగిపోతున్నడు సార్. పోరగాండ్లు నవ్వుతున్నరు. మొన్న సెంటరోళ్లు ఇగ రావొద్దన్నరు." ఆయన నా టేబుల్ మీది పెన్నుల వంక చూస్తూ కూర్చున్నాడు. కొంత టైం పడుతుందని చెప్పి విటమిన్ మాత్రలు రాశాను. అవి దేనికీ పనికిరావని తెలిసే రాశాను, సిగ్గులేని మనిషిని.

ఆ వేడి వల్లే ఇలా అయిందని ఎవరూ ఖాయంగా చెప్పలేరు. ఇలాంటి ఆపరేషన్ తర్వాత మరపు ఇంకెన్నో కారణాలతో రావచ్చు. అలా చెప్పలేకపోవడమే సర్జన్‌నూ నన్నూ కాపాడింది.

ఇప్పుడు యాదగిరి దోమలగూడలో ఒక జిరాక్స్ షాపులో పనిచేస్తున్నాడు. ఇతరులు రాసిన రాజ్యాంగం నోట్సుకు కాపీలు తీసి ఇస్తాడు. చిక్కడపల్లి నుంచి నేను అటు వెళ్లినప్పుడు నన్ను చూస్తే లేచి, ప్రాణం పోసిన సార్ అని పక్కవాళ్లకు చెబుతాడు. నేను అడ్డు చెప్పను.

నేను నేర్చుకున్నది ఇంతే. మత్తుమందు మెదడుకు కొంచెం వ్యవధి ఇస్తుంది, అంతకు మించి ఏమీ ఇవ్వదు. ఆ వ్యవధిలో ఆగమని అనాల్సింది మత్తు డాక్టరే. ఒకసారి అని ఊరుకుంటే అన్నట్టు కాదు.